కొమ్ముకి తగిలించిన గంట

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక చుక్కల దుప్పుల మంద. ఆ మందకి ఒక గంట.

దుప్పులకి గంట ఎక్కడిదని అడుగుతారని నాకు తెలుసు. చెప్తాను, కంగారు పడకండి. ఎప్పుడో వాళ్ళ ముత్తాతల కాలంలో వాగు ఒడ్డున దొరికింది. ఇత్తడి గంట, దానికి గుండ్రటి తోలుపట్టీ. దొరికించుకున్న మగదుప్పికి ఆ పట్టీని ఏం చెయ్యాలో తెలియలేదు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, చివరికి కొమ్ముకి తగిలించుకున్నాడు. అంతే! అప్పటినుంచీ అదే పద్ధతి. ఎవరి కొమ్ముకి గంట ఉంటే వాళ్ళే కాపలాపెద్ద. గంట మోగితే మందంతా పరిగెత్తాలి. వాగు పక్కన లేతగడ్డి ముందుగా మేసే హక్కు కూడా కాపలాపెద్దదే.

ఆ మందలో చుక్కమ్మ అనే ఆడదుప్పి ఉండేది. రేచుకుక్కలు గుంపుగా వేటకొస్తాయే, అవి గుట్ట అవతల ఉండగానే ఈమె వాసన పట్టేసేది. ఎండుటాకు చప్పుడైతే చాలు, అది నెమలి నడకో, చిరుత నడకో చెప్పేసేది. ఆ సంగతి తనకీ తెలుసు. తెలియనట్టు నటించే అలవాటు లేదు.

పాత కాపలాపెద్ద ముసలివాడై తప్పుకోగానే చుక్కమ్మ నేరుగా మందపెద్ద దగ్గరికి వెళ్ళింది. ఆయన్ని అందరూ పెద్దయ్య అంటారు.

"పెద్దయ్యా, ఆ గంట నాకివ్వండి," అంది.

పెద్దయ్య నెమరు వెయ్యడం ఆపాడు. "ఇవ్వకేం తల్లీ! మన దగ్గర ఆడా మగా తేడా లేదు. ఎవరైనా కాపలాపెద్ద కావచ్చు. కొమ్ములుంటే చాలు."

"ఆడదుప్పులకి కొమ్ములు మొలవవు కదండీ?"

"అది నేను పెట్టిన రూలు కాదమ్మా!"

చూశారా? తలుపు బార్లా తెరిచే ఉంది. గడప మాత్రం తాటిచెట్టంత ఎత్తు.

గంట సింగారయ్యకి వెళ్ళింది. సింగారయ్య మంచివాడే. కాకపోతే తన కొమ్ముల నీడ నీళ్ళలో చూసుకుంటూ నిలబడ్డాడంటే, పక్కనుంచి ఏనుగు నడిచి వెళ్ళినా తెలియదు.

దుప్పి కొమ్ములు ఆవు కొమ్ముల్లాంటివి కావు. ఏటా రాలిపోయి మళ్ళీ మొలుస్తాయి. సింగారయ్యవీ రాలాయి. గంటని మోదుగ కొమ్మకి వేలాడదీశారు. కొత్త కొమ్ములు వచ్చేదాకా కాపలా కాసింది ఎవరు? చుక్కమ్మ. మరి కాపలాపెద్ద ఎవరు? సింగారయ్య! లేతగడ్డి ఎవరికి? అదీ సింగారయ్యకే!

చుక్కమ్మ రెండోసారి వెళ్ళింది. "పెద్దయ్యా, ఇప్పుడు అతనికీ కొమ్ములు లేవుగా?"

"అతనికి మొలుస్తాయి కదమ్మా. అయినా నీకు పసిబిడ్డ ఉంది. బిడ్డనీ మందనీ ఎలా చూసుకుంటావు?"

"ఈ మందలో సగం బిడ్డలు సింగారయ్యవే. అతన్ని ఈ మాట అడిగారా?"

పెద్దయ్య దగ్గాడు. పైకి చూశాడు. "మబ్బు పట్టేలా ఉందే," అన్నాడు.

మూడోసారి అడగడానికి వెళితే పెద్దయ్యే ముందు నోరు తెరిచాడు. "మొన్న చవుడు దగ్గర ఉప్పుమట్టి నాకడానికి వెళ్ళినప్పుడు మగవాళ్ళం మాట్లాడేసుకున్నాం తల్లీ. ఈ ఏడు కూడా సింగారయ్యే."

"అక్కడికి మమ్మల్ని పిలవలేదుగా?"

"రావద్దన్నామా?"

చెట్టుమీద కొండముచ్చు ముచ్చన్న ఇదంతా వింటున్నాడు. "పోనీ వదిలెయ్యి చుక్కమ్మా. లేతాకులు తుంచి వేస్తా, తిను," అన్నాడు.

"ఆకులు వెయ్యి ముచ్చన్నా. వదలడం మాత్రం కుదరదు," అంది చుక్కమ్మ.

సింగారయ్యకి కొత్త కొమ్ములొచ్చి, గంట మళ్ళీ వాటికెక్కి, తిరిగి కొమ్ములు రాలే కాలం వచ్చింది. ఒకరోజు పొద్దున్నే మంచు కమ్ముకుని ఉంది. సింగారయ్యకి తల దురద పుట్టింది. చెట్టుకి రుద్దాడు. ఇంకాస్త గట్టిగా రుద్దాడు. టప్పున కొమ్ము ఊడి, గంటతో సహా పొదలో పడింది.

"అయ్యో, నా కొమ్ము!" అని వెతకడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే చుక్కమ్మకి ఆ వాసన తగిలింది.

"రేచుకుక్కలు! వాగు దాటండి!" అని అరిచింది.

ఎవరూ కదల్లేదు.

"గంట మోగలేదుగా?" అన్నాడు ఒకడు.

"గంట మోగకుండా పరిగెత్తడం మన ఇంటావంటా లేదమ్మాయ్," అంది ఒక ముసలమ్మ, గడ్డి నములుతూ.

చుక్కమ్మ తన బిడ్డని చూసింది. బిడ్డని తీసుకుని తను వెళ్ళిపోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. మరి మిగతా బిడ్డల సంగతి? పొదలోకి దూకింది. కొమ్ముకి తగిలించుకుందామంటే తనకి కొమ్ము లేదు. నోటితో పట్టుకుంటే గంట సరిగ్గా మోగలేదు. అప్పుడు చూసింది ఆ గుండ్రటి పట్టీని. తల వంచి లోపలికి దూర్చింది. పట్టీ జారి మెడలో చక్కగా కూర్చుంది.

చుక్కమ్మ మందచుట్టూ పరుగు తీసింది. గణగణ గణగణ! సింగారయ్య కొమ్ము మీద అది ఏనాడూ అలా మోగలేదు. ముసలమ్మ నోట్లో గడ్డి నోట్లోనే ఉంది, కాళ్ళు మాత్రం వాగులో ఉన్నాయి. ఆఖరి బిడ్డ అవతలి ఒడ్డు ఎక్కేసరికి రేచుకుక్కలు వచ్చి, ఖాళీ మైదానాన్ని చూసి నాలుకలు వేలాడేశాయి.

అందరికీ ఊపిరి కుదుటపడ్డాక పెద్దయ్య ముందుకొచ్చాడు. "శభాష్ తల్లీ! సింగారయ్యకి కొమ్ములు మొలిచేదాకా గంట నువ్వే ఉంచుకో. తాత్కాలికంగా."

చుక్కమ్మ తల వంచి గంటని నేలమీద జార్చేసింది. "నేను తాత్కాలికంగా పరిగెత్తలేదు పెద్దయ్యా. ఇస్తే పదవి ఇవ్వండి. లేదా ఇదిగోండి మీ గంట."

మందంతా గంట వైపు చూసింది. అలవాటు కొద్దీ సింగారయ్య తల వంచి కొమ్ముతో ఎత్తబోయాడు. లేని కొమ్ము గాలిలో తిరిగింది. ఒక బిడ్డ కిసుక్కున నవ్వింది. సింగారయ్యకీ నవ్వొచ్చింది.

"నిజం చెప్పనా పెద్దయ్యా? నాకు కుక్క వాసనకీ కుందేలు వాసనకీ తేడా తెలియదు. కొమ్ములున్నాయని ఇచ్చారు, తీసుకున్నాను. అక్కకే ఇచ్చెయ్యండి," అన్నాడు.

"కానీ గంట మెడలోనా? ఎక్కడైనా ఉందా ఈ చోద్యం!" అన్నాడు పెద్దయ్య.

చెట్టుమీంచి ముచ్చన్న తొంగిచూశాడు. "చోద్యమేముంది? ఊళ్ళో ఆవులన్నీ మెడలోనే కట్టుకుంటాయి. అది మెడగంటేగా!"

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"అడిగారా? కొమ్ముకి తగిలించుకుంటుంటే, అది మీ దుప్పుల ఫ్యాషన్ అనుకున్నా!"

పెద్దయ్య వంగి ఆ గుండ్రటి పట్టీని అటూ ఇటూ చూశాడు. తర్వాత ముక్కుతో గంటని చుక్కమ్మ వైపు నెట్టాడు.

"ఇది నీదే తల్లీ. కొమ్ములు మొలిచేదాకా కాదు, నీకు చేతనైనంత కాలం. ఇకమీద గంట మెడకే. మెడ అందరికీ ఉంది." మిగతా ఆడదుప్పుల వైపు తిరిగి, "చవుడు దగ్గరికి కూడా అందరూ రండి," అన్నాడు.

ఆ సాయంత్రం చుక్కమ్మ లేతగడ్డి మేస్తుంటే ఆమె కూతురు వచ్చింది. పక్కన పెట్టిన గంటపట్టీలో మెల్లగా తల దూర్చింది. పట్టీ జారి కాళ్ళ దగ్గర పడింది.

"నాకు సరిపోవట్లేదమ్మా!" అంది మూతి ముడుచుకుని.

"ఇప్పుడు సరిపోదులే," అంది చుక్కమ్మ. "కొంచెం పెద్దయ్యావంటే అదే సరిపోతుంది."

నీతి: ఒక పనికి తగినవాళ్ళు కాదని ఎవరినైనా పక్కన పెట్టేముందు, ఆ పనికి కొలత ఎవరి ఒంటిమీద తీశామో చూసుకోవాలి.