డప్పు వినపడని ఇల్లు

"భంతే, మంత్రి నాగబోధికి మనశ్శాంతి దొరికిందా?"

అలా అడిగినవాడు రేవతుడనే శిష్యుడు. ధ్యానానికి కూర్చుంటే మనసు క్షణమైనా నిలవడం లేదని అంతకుముందే గురువుతో మొరపెట్టుకున్నాడు. బౌద్ధశాస్త్రాలన్నీ చదివి, రాజ్యభారం కూడా మోసిన నాగబోధిని విహారంలో అందరూ ఆదర్శంగా చెప్పుకునేవారు.

గురువు సంఘపాలుడు సూటిగా బదులివ్వలేదు. ఆ మంత్రి పోయాక జరిగిన సంస్మరణ సభలో తాను చూసినది చెప్పాడు.

మొదట సేనాపతి ఖందసేనుడు లేచాడు. "కృష్ణ పొంగి నగరం వైపు గట్టు తెగబోయిన రోజు, వరద అటు మళ్లేలా అవతలి గట్టు కొట్టించమని ఒక్క మాటలో ఆజ్ఞ ఇచ్చాడు. అక్కడి కుమ్మరిపల్లె మునుగుతుందని తెలిసీ రెప్ప వాల్చలేదు. బండరాయిలా నిలబడ్డాడు," అన్నాడు. సభ తల ఊపింది.

తర్వాత, నాగబోధితో కలిసి ఏళ్ల తరబడి గ్రంథాలకు వ్యాఖ్యలు రాసిన సుమనుడు లేచాడు.

"మీ ముందు నిలబడ్డాడు గాని, బయటికి రాగానే ఒక్కచోట నిలవలేకపోయాడు. ఖాళీ చేయమని పల్లెలో డప్పు కొట్టించారు. ఊరు ఖాళీ అయిందని కబురొచ్చింది. అయినా కూర్చోలేకపోయాడు. 'డప్పు వినపడనివాళ్లు ఉంటే?' అని మళ్లీ మళ్లీ అడిగాడు. నేను విసుక్కున్నాను. చివరికి గట్టు కొట్టేవాళ్లను ఆగమని, అప్పటికే చేరిన మోకాలిలోతు నీళ్లలో తానే ఇల్లిల్లూ తిరిగాడు. ఊరి చివర ఇంట్లో, ఎత్తరుగు మీద, ఒక చెవిటి ముసలమ్మ సారె తిప్పుకుంటూ కుండ చేస్తోంది. ఆమెను వీపున మోసుకొచ్చాకే గట్టు కొట్టనిచ్చాడు. ఆ తర్వాత వాన పడితే చాలు, చదువు ఆగిపోయేది. లేచి గదిలో అటూ ఇటూ తిరిగేవాడు."

"పోయినవాణ్ణి పట్టుకుని పిరికివాడంటారా?" అని ఒక యువ అధికారి కేక వేశాడు.

సేనాపతి అతణ్ణి చేత్తో వారించాడు. "ఊరు ఖాళీ అయిందని కబురు పంపింది నేనే. పంపి, గుడారంలో పడుకున్నాను. మంచి నిద్ర పట్టింది. ముసలమ్మ సంగతి ఇవాళే వింటున్నాను," అన్నాడు.

సంఘపాలుడు అక్కడితో ఆపాడు. రేవతుడు మళ్లీ అడిగాడు.

"అయితే ఆయనకు శాంతి దొరకనట్టే కదా, భంతే?"

"నీ మనసు నిలవడం లేదన్నావు," అన్నాడు గురువు. "అది ఎవరికోసం తిరుగుతోందో ఎప్పుడైనా అడిగావా?"