ఫ్లెమింగో ముక్కు వంగిన రోజు

ఒకప్పుడు ఫ్లెమింగో ముక్కు సూదిలా తిన్నగా ఉండేది. ఒళ్లంతా తెలుపు. తల ఎప్పుడూ పైకే.

అప్పట్లో పులికాట్ సరస్సులో చేపలు నీళ్లమీదికి ఎగిరెగిరి పడుతుండేవి. ఫ్లెమింగో నోరు తెరుచుకుని నిలబడితే చాలు, చేపే వచ్చి పడేది. వంగే పనే లేదు.

వంగకూడదని కట్టుబాటు కూడా ఉండేది. మందకి పెద్ద పక్షి ఒకటి ఉండేది. అది ఏటా ఉత్తరాది నుంచి వెయ్యి పక్షుల్ని వెంటబెట్టుకుని వచ్చేది, ఎండలు ముదరకముందే వెనక్కి తీసుకెళ్లేది. "తల దించారో, ఆకాశం మాయమైపోతుంది. ఆకాశం పోతే ఇంటిదారి పోతుంది" అని పిల్లలకి చెప్పేది. దానికి వాళ్లమ్మ అలాగే చెప్పింది. ఎవరూ తల దించి చూడలేదు కాబట్టి నిజమో కాదో ఎవరికీ తెలియదు.

ఒక ఏడు, సముద్రం నుంచి సరస్సులోకి నీళ్లొచ్చే దారి ఇసకతో పూడుకుపోయింది. నీళ్లు తగ్గాయి. మిగిలినవి కషాయంలా ఉప్పెక్కాయి. చేపలు ఎగరడం మానేశాయి. తర్వాత కనిపించడమే మానేశాయి.

గూడబాతులు తమ సంచిముక్కులు సర్దుకుని బయల్దేరాయి.

"మేం ఊరి చెరువులకి పోతున్నాం. అక్కడ చెట్లమీద ఉంటాం. నువ్వూ రా వదినా!" అంది ఒక గూడబాతు.

"మా కాళ్లు కొమ్మని పట్టుకోలేవు" అంది పెద్ద పక్షి.

"మరి అంత పొడుగు కాళ్లెందుకు? పందిరికి రాటలుగా పాతుకోరాదూ!" అని నవ్వుకుంటూ ఎగిరిపోయింది.

పది రోజులు గడిచాయి. వెయ్యి పక్షులూ నోళ్లు తెరుచుకుని నిలబడే ఉన్నాయి. ఏదీ పడలేదు. ఎండలు ముదురుతున్నాయి. ఖాళీ కడుపుతో అంత దూరం ఎగరలేవు. ఎగరకపోతే ఇక్కడే చచ్చిపోతాయి.

ఆ సరస్సులో చెంగమ్మ అనే మనిషి రొయ్యలు పట్టేది. వలా లేదు, పడవా లేదు. మోకాలి లోతు నీళ్లలో కాళ్లతో బురద కలిపి, వెదురు తట్టతో ఎత్తి, నీళ్లు వడగట్టి, మిగిలింది ఏరుకునేది. మధ్యలో నడుం ఎత్తి పక్షుల్ని చూసేది. చూస్తూ చూస్తూ తట్ట చేజార్చుకున్న రోజులున్నాయి. అందుకే పక్షులు చిక్కిపోవడం అందరికంటే ముందు ఆమెకే కనిపించింది.

"ఏమే పొడుగుకాళ్లదానా! నోరట్ట తెరుచుకుని నిలబడితే పైనుంచి ఎవరన్నా పోస్తారా?"

పెద్ద పక్షి తల దించకుండానే, "చేపలు లేవక్కా" అంది.

"చేపలు లేవు గానీ తిండి లేదని ఎవరు చెప్పారు? ఇట్ట చూడు."

తట్ట ఎత్తి చూపించింది. నీళ్లు కారిపోయాక అడుగున ఆవగింజంత రొయ్యలు, ఎర్రగా, వేలకు వేలు కదులుతున్నాయి.

"ఇవి నాకు కూరకి రావు. మీకు చాలు. వంగి తిను."

"వంగితే ఆకాశం మాయమవుతుంది."

చెంగమ్మ నడుంమీద చెయ్యి పెట్టుకుంది. "నేను పుట్టినప్పట్నుంచీ వంగే ఉండాను. యాడికి పోయింది ఆకాశం?"

పెద్ద పక్షి వెనక ఒక పక్షి కాళ్లు ముడుచుకుని నీళ్లలో కూలబడింది. దాని పక్కన ఇంకొకటి.

"పోతే నా ఒక్కదానికే పోనీ" అని పెద్ద పక్షి కళ్లు మూసుకుని తల దించింది.

ముక్కు బురదలో దిగబడింది. నోటినిండా మట్టి.

"అట్ట కాదు తల్లీ! తట్ట బోర్లిస్తే ఏమొస్తుంది? వెల్లకిలా తిప్పు!"

పక్షి తల తిప్పింది. నడినెత్తి అడుక్కి వచ్చింది. ఆ తొందరలో ముక్కు నేలకి గట్టిగా కొట్టుకుని మధ్యకి వంగిపోయింది.

"అయ్యో, నా ముక్కు!"

"బాగుందిలే, గరిటె మాదిరి అయింది." చెంగమ్మ కొప్పులోంచి ఈర్పెన తీసింది. పేలు దువ్వే ఆ దువ్వెనకి పళ్లు ఎంత దగ్గరగా ఉంటాయో తెలుసుగా? దాన్ని రెండుగా విరిచి ముక్కుకి చెరోపక్కా బిగించింది. "ఇప్పుడు నీళ్లు పీల్చి బయటికి తొయ్యి."

పీల్చింది. తోసింది. నీళ్లు పోయాయి, రొయ్యలు నిలిచాయి.

అప్పుడు పక్షి భయంభయంగా ఒక కన్ను తెరిచింది.

ఆకాశం ఉంది. నీళ్లలో ఉంది. తన కాళ్ల మధ్య మబ్బులు నడుస్తున్నాయి. ఎంత లోతుకి చూస్తే అంత లోతుకీ నీలమే. పైన ఒక ఆకాశం, కింద ఒక ఆకాశం, నడుమ తను ఆవగింజంత. పక్షి మింగడం మరిచిపోయింది.

"వంగండి! కిందా ఉంది!" అని అరిచింది.

వెయ్యి తలలు వంగాయి. దేని ముక్కు అదే నేలకి కొట్టి వంచుకుంది. చెంగమ్మ చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్ల ఈర్పెనలన్నీ అడిగి తెచ్చింది. ఆ ఏడు అక్కడ అందరూ తలలు గోక్కుంటూనే గడిపారు.

పక్షులు పదిహేను రోజులు తిన్నాయి. చెంగమ్మని చూసి కాళ్లతో బురద కలపడమూ నేర్చుకున్నాయి. తిన్న రొయ్యల ఎరుపు మెల్లగా రెక్కల్లోకి ఎక్కింది. రెక్కలు ముడుచుకుని ఉండడంతో ఎవరికీ కనపడలేదు.

ఒకరోజు పొద్దున ఉత్తరం వైపు తిరిగి వెయ్యి పక్షులూ ఒక్కసారిగా లేచాయి. రెక్కలు విచ్చుకున్నాయి. తెల్లటి మంద లోపల్నుంచి నిప్పురంగు బయటపడింది. నీళ్లు ఎర్రబడ్డాయి. ఇసక ఎర్రబడింది. అవి చుక్కలంత అయ్యేదాకా చెంగమ్మ అలాగే నిలబడి చూసింది.

అప్పటినుంచే ఫ్లెమింగో ముక్కు మధ్యకి వంగి, లోపల దువ్వెన పళ్లతో ఉంటుంది. అప్పటినుంచే అది బురద తొక్కుతూ, తల వెల్లకిలా పెట్టి తింటుంది, రెక్క విప్పితే ఎర్రగా వెలుగుతుంది. చలికాలంలో పులికాట్ గట్టున నిలబడి మీరే చూడండి. అన్ని వేల తలలు కిందికే ఉంటాయి. అయినా ఇంటిదారి మరిచిపోయింది ఇవాళ్టివరకు ఒక్కటీ లేదు.