లడ్డుకు తగ్గ దారి

రండి, రండి, దగ్గరికి జరిగి కూర్చోండి. ఒరే, గోడకు ఆనుకున్నవాడా, నువ్వూ ముందుకు రా. అంత చివర కూర్చుంటే నా గొంతు నీదాకా రాదు, నీ గోల మాత్రం నాదాకా వస్తుంది. సర్దుకున్నారా? అయితే వినండి.

ఒకానొక రాజ్యంలో, గుమ్మడిదుర్గం అంటారు దాన్ని, చండవిక్రముడనే రాజు ఉండేవాడు. మంచివాడే గాని, తన తెలివంటే తనకు మహా మురిపెం. కొత్త చట్టం రాస్తే తనే పైకి చదివి, తనే తల ఊపి, తనే "ఆహా!" అనేవాడు.

ఆ ఊళ్లో నగర పెద్దను జనమే ఎన్నుకునేవారు. పోటీదారులు తలా ఒక కుండ పెడితే, నచ్చినవాడి కుండలో చింతగింజ వేసేవారు. రాజుగారి గోడలు, దారులు సరిగ్గా కట్టారో లేదో చూడాల్సింది ఆ పెద్దే. అందుకని ఆ పనులు చేసే గుత్తేదారులు పోటీదారులకు మూటలకు మూటలు ముట్టజెప్పేవారు. గెలిచినవాడు కళ్లు మూసుకునేవాడు. కట్టిన గోడ తొలి వానకే కూలబడేది.

రాజు చట్టం చేశాడు. "మా పని గుత్తకు తీసుకున్నవాడెవడూ పోటీదారుకు ఒక్క లడ్డు మించి ఇవ్వరాదు! ఆహా!"

ఆ ఏడు రాజుగారి బావమరిది కుప్పరాజు పోటీకి నిలబడ్డాడు. రేవు దారి పని తీసుకున్న గుత్తేదారు భద్రప్ప అతనికి కానుక తెచ్చాడు. ఒక్క లడ్డే. కాకపోతే ఎడ్లబండి మీద తెచ్చాడు. కుప్పరాజు కాపురం కోటలోనే, ఆ కోట గుమ్మంలో పట్టక తోరణం పీకారు. పైనున్న జీడిపప్పు అందుకోవాలంటే నిచ్చెన వేయాలి. ఎన్నిక ముందురోజు ఊరంతటికీ పంచి ఓట్లడగొచ్చని కుప్పరాజు చంకలు గుద్దుకున్నాడు.

ఆస్థానంలో ఓబన్న అనే చమత్కారి ఉన్నాడు. అతను పకపకా నవ్వాడు.

"లడ్డును చూసి నవ్వుతావేం ఓబన్నా?" అన్నాడు రాజు.

"లడ్డును చూసి కాదు ప్రభూ, చట్టాన్ని చూసి."

రాజు ముఖం కందగడ్డయింది. "అవి ఎన్ని లడ్లు?"

"ఒకటే."

"చట్టంలో ఎన్ని?"

"ఒకటే."

"మరింకేం! ఒకటంటే ఒకటే. పెద్దదా చిన్నదా అని నా చట్టం అడగదు. తప్పుందంటావా, ఎన్నికలోపు రుజువు చెయ్యి. లేదా నిండు సభలో నీ మీసం గొరిగిస్తాను!"

ఓబన్న మీసానికి రోజూ ఆముదం రాసేది వాళ్లావిడే. పాపం, ఆ మాట విని ఆవిడ పొయ్యి కూడా వెలిగించలేదు. "రాజుగారితో పంతమెందుకయ్యా? తప్పయిందని చెప్పెయ్."

"చెబితే మీసం మిగులుతుందే, దారి మిగలదు. మీ అన్న బండి ఆ రేవు బురదలో దిగబడి ఇంకా పైకి రాలేదు, మరిచావా?"

అని తిన్నగా భద్రప్ప ఇంటికి వెళ్లాడు. "భద్రప్పగారూ, లడ్డు అదిరింది. ఖర్చు బాగా అయ్యుంటుందే?"

"ఏం చెప్పమంటావు ఓబన్నా! నెయ్యికే ఇల్లు గుల్లయింది. దారి పనిలో రాబట్టుకోవాలి. కంకర కాస్త తగ్గిద్దామని..."

"అయ్యో, కంకర తగ్గిస్తే దొరికిపోతారు. 'రేవుకు ఒక దారి వేయవలెను' అనే కదా మీకిచ్చిన ఆజ్ఞ? వెడల్పెంతో చెప్పారా?"

"లేదే!"

"ఒకటంటే ఏమిటో రాజుగారు నిండు సభలో చెప్పనే చెప్పారు."

భద్రప్ప కళ్లు లడ్లంత అయ్యాయి.

ఎన్నిక ఇంకా వారముందనగా దారి పూర్తయింది. మేళతాళాలతో రాజు పల్లకిలో బయలుదేరాడు. దారి చక్కగా ఉంది. కంకర గట్టిగా ఉంది. అంచులకు సున్నం కూడా కొట్టారు. వెడల్పు మాత్రం ఒక్క పాదం! ఎదురుగా ఒక కోడి వస్తోంది. దానికి ఇంకో కోడి ఎదురైతే, ఒకటి మర్యాదగా కిందికి దిగాలి.

ముందు బోయీ దారి మీద, పక్క బోయీ మోకాలి లోతు బురదలో. పల్లకి ఒరిగింది. రాజు దబ్బున బురదలో పడ్డాడు.

"ఒరే భద్రప్పా! ఇది దారా, మొలతాడా?"

"దారే ప్రభూ! ఒకటంటే ఒకటే. పెద్దదా చిన్నదా అని తమరే..."

రాజు నోరు తెరిచాడు. మాట రాలేదు, బురదొచ్చింది.

ఓబన్న చేతులు కట్టుకుని అన్నాడు: "ప్రభూ, లడ్డు ఒప్పయితే దారీ ఒప్పే. దారి తప్పయితే లడ్డూ తప్పే. ఈ దారిలో తగ్గిన వెడల్పంతా ఎక్కడికి పోయిందనుకున్నారు? మీ బావమరిదిగారి వాకిట్లో గుండ్రంగా కూర్చుని ఉంది."

రాజు కోడిని చూశాడు, భద్రప్పను చూశాడు, తన బురద గడ్డాన్ని చూసుకున్నాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఆ లడ్డు పగలగొట్టి కూలివాళ్లకు పంచండి! భద్రప్పా, బండీ బండీ తప్పుకునేంత దారి నీ సొంత ఖర్చుతో వెయ్యి. ఇకమీదట మా పని చేతిలో ఉన్నవాడు పోటీదారుకు బూందీ పలుకు కూడా ఇవ్వరాదు!"

ఈసారి "ఆహా!" అన్నది జనం.

"ఓబన్నా, నీ మీసం నీకే. దాంతోపాటు నీకొక ఏనుగు బహుమానం!"

"మహాప్రసాదం ప్రభూ. కాని ఇప్పుడే పంపకండి. మా ఇల్లు రేవు పక్కనే. ఈ దారిన రావాలంటే పాపం, ఏనుగు ఒంటికాలి మీద గెంతుతూ రావాలి."

రాజు మళ్లీ నవ్వాడు. ఎంత నవ్వాడంటే, కాలు జారి మళ్లీ బురదలో పడ్డాడు.

లేవండిక, లేవండి. మీ అమ్మలు కంచాలు పెట్టుకుని కూర్చుని ఉంటారు. లడ్డు కావాలని మారాం చేయకుండా, వెళ్లి పప్పన్నం తినండి.