రేవులో పెద్దయ్య వీపు

అనగనగా అనుకోండి పిల్లలూ, గోదారి నడుమ ఒక చిన్న లంక. అందులో ముప్పై మంది మనుషులు, ఒక చర్చి, ఒకే ఒక పడవ.

లంకకు పెద్ద జకరయ్య. పన్నెండేళ్లు కాచుకుని కాచుకుని, మొన్న ఈస్టరుకే ఆ పెద్దరికం దక్కించుకున్నాడు. అక్కడొక ఆచారం ఉంది. పెద్ద ఎక్కి కూర్చునేదాకా పడవలో ఇంకెవరూ కాలు పెట్టకూడదు. ఆ ఆచారమంటే జకరయ్యకు ప్రాణం.

ఆ ఏడు శ్రావణంలో, తెల్లవారేసరికి వరద వచ్చిపడింది. రేవు మెట్లు కొట్టుకుపోయాయి. జనం నిలబడ్డ గట్టు పెళ్లలు పెళ్లలుగా విరిగిపడుతోంది. రాళ్లకు తగిలితే పడవ పగులుతుందని సరంగు గిద్యోను దాన్ని మూడు మూరల దూరంలోనే ఆపాడు. అవతలి ఒడ్డుకు చేర్చడానికి ఒక్కో విడతకు పదిమందే పడతారన్నాడు.

అందరూ జకరయ్య వైపు చూశారు. పొడుగు కాళ్లవాడు, ఒక్క గెంతు గెంతి పడవలో కూర్చున్నాడు. బతికానురా దేవుడా అనుకున్నాడు.

వెనక ఎవరూ గెంతలేదు. ముసలి కృపమ్మ గట్టంచున వణుకుతోంది. తల్లుల చంకల్లో పిల్లలు ఏడుస్తున్నారు. ఆచారమైతే జరిగింది, పడవ మాత్రం నిండలేదు.

శిష్యుల కాళ్లు కడగడానికి వంగిన ప్రభువు జకరయ్యకు గుర్తొచ్చాడు. సిగ్గుతో కుంచించుకుపోయాడు. నీళ్లలోకి దిగాడు. గట్టుకూ పడవకూ మధ్య నిలబడి, పడవ అంచు పట్టుకుని వీపు వంచాడు.

"మీ మీద కాలు పెట్టి ఏ పాపాన పోను పెద్దయ్యా?" అంది కృపమ్మ.

"పెద్ద మాట దాటకూడదంటారు కదమ్మా. ఆ పెద్దనే చెబుతున్నాను, తొక్కు."

కృపమ్మ ఏడుస్తూనే తొక్కింది. మొదటి విడతకు నీళ్లు నడుము దాకా ఉన్నాయి. రెండో విడతకు గుండెల దాకా వచ్చాయి. మూడో విడతకు మెడ దాకా వచ్చేశాయి. ఇప్పుడు వంగితే తల మునుగుతుంది.

జకరయ్య గట్టిగా ఊపిరి బిగబట్టి వంగాడు. ఒకరు దాటగానే పైకి లేచి గుటకేసినట్టు గాలి పీల్చి, మళ్లీ మునిగాడు. అలా ఎనిమిదిసార్లు. మిగిలిన ఎనిమిదిమందిలో చివరి మనిషి దాటాక వీపు పైకి లేవలేదు.

గట్టు ఫెళ్లున విరిగింది. గిద్యోను గడ వదిలేసి నీళ్లలో చెయ్యి పెట్టాడు. జుట్టు దొరికింది. పడవలో ఉన్నవాళ్లంతా తలో చెయ్యీ వేసి లాగారు.

జకరయ్య నీళ్లు కక్కి కళ్లు తెరిచాడు. "అందరూ ఎక్కారా?" అన్నాడు.

"ఎక్కారు పెద్దయ్యా. మీరొక్కరే మిగిలితే మేమే ఎక్కించుకున్నాం," అన్నాడు గిద్యోను. మొదటిసారి ఆ పిలుపు అతని నోట మనసారా వచ్చింది.

నీతి: తనవాళ్ల కోసం వంగగలిగినవాడే నిజమైన పెద్ద.