గుమ్మంలో పాఠం

వరదాచార్యులు గారు కూర్చున్న చోటనే ప్రశ్నకు సమాధానం చెప్పేవారు కారు. ఉన్నత పాఠశాలలో లెక్కలు బోధించిన కాలం నుంచీ అది ఆయన అలవాటు. ప్రశ్న వినగానే ఉత్తరీయం భుజాన వేసుకొని బయలుదేరేవారు.

ఆ ఉదయం వచ్చినవాడు శశిభూషణ్. ఒకప్పుడు ఆయన శిష్యుడు. ఇప్పుడు ప్రభుత్వ పాఠశాలలకు భవనాల ప్లాన్లు గీసే ఇంజనీరు.

"మాస్టారూ, రేపటి తరగతి గది ఎలా ఉండాలో చెప్పమని టీచర్లను పిలిచి, నా ప్లాన్లు చూపించి సభ పెట్టాను. 'మీకు తెలియనిదేముంది సార్' అన్నారే గాని ఒక్కరూ మనసులో మాట చెప్పలేదు. చెప్పనివాళ్ళ అభిప్రాయం ఎలా తెలుసుకోవడం?"

"టీ ముందిచ్చావా, ప్రశ్న ముందడిగావా?"

"టీయే ముందిచ్చాను."

"అదీ సంగతి. తాగిన నోటితో కాదని ఎలా అంటారు?" అంటూ ఆయన లేచారు.

ఇద్దరూ వంశధార ఒడ్డునున్న ఒక ప్రాథమిక పాఠశాలకు వెళ్ళారు. పాత పెంకుటి కట్టడం. త్వరలో పడగొట్టి, శశిభూషణ్ గీసిన భవనం కట్టవలసిన చోటు. రెండు గదుల నడుమ తలుపులేని గుమ్మం ఒకటి ఉన్నది. కొత్త ప్లానులో అక్కడ నిండు గోడ వస్తుంది. ఒక తరగతి చప్పుడు మరొక తరగతికి వినిపించరాదన్నది అతని ఉద్దేశం. ఆ ప్లాను మర్నాడు ఆమోదానికి వెళ్ళవలసి ఉన్నది.

గడప మీద నిలబడరాదని పెద్దలంటారు. ఆ సభకు వచ్చినవారిలో ఒకరైన దమయంతి టీచరు సరిగ్గా గడప మీదనే నిలబడి ఉన్నది.

"మా కోసం గుమ్మంలో నిలబడకండమ్మా. లోపలికి వెళ్ళి పాఠం చెప్పుకోండి," అన్నాడు శశిభూషణ్ మర్యాదగా.

"మీ కోసం కాదు సార్," అన్నదామె.

కుడివైపు గదికి ఎక్కం అప్పగించి, ఎడమవైపు గదిలో పాఠం చదివించసాగింది. కుడివైపు ఏదో గుసగుస వినిపించగా, తిరగకుండానే, "ఒరేయ్ సింహాద్రీ, నాకు వీపున కూడా కళ్ళున్నాయిరా," అన్నది.

"మరి కళ్ళజోడు ముందే పెట్టుకున్నారేం టీచర్?"

పిల్లలు నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఎడమవైపు తరగతి సుభాషిణి టీచరుది. కిందటి వానాకాలంలో ఆమె మరణించింది. ఆ స్థానంలోకి ఎవరినీ పంపలేదు. శుభ్రంగా తుడిచిన ఆమె కుర్చీ ఖాళీగానే ఉన్నది.

శశిభూషణ్‌కు అప్పుడు అర్థమైంది. "ఇక్కడ గోడ వస్తుందమ్మా. అటువైపు పిల్లలను ఎవరు చూస్తారు? తలుపు కావాలని సభలో ఒక్క మాట అనలేకపోయారా?"

దమయంతి ఖాళీ కుర్చీ వైపు చూసింది.

"అందామనే లేచాను సార్. లేచాక సుభాషిణి గుర్తొచ్చింది. తలుపు అడిగితే, ఆ కుర్చీలోకి ఇక ఎవరూ రారని నేనే ఒప్పుకొన్నట్టు కాదా? ఈ బడికి ఒక్కరు చాలునని పైవాళ్ళూ అనుకొంటారు. గోడ ఉంటే ఎవరినో ఒకరిని పంపక తప్పదు కదా అని కూర్చుండిపోయాను."

"పంపకపోతే?" అన్నాడు శశిభూషణ్.

ఎడమవైపు చదువు ఆగింది. ఆమె అటు తిరిగి, ఆగిన వాక్యాన్ని అందించింది.

 తిరిగి వచ్చేటప్పుడు శశిభూషణ్ అడిగాడు: "తలుపు పెడితే ఆమె భయాన్ని నా చేత్తో నిజం చేసినవాణ్ణవుతాను. గోడ కడితే ఆ పిల్లలు దిక్కులేనివాళ్ళవుతారు. ఏది గీయమంటారు మాస్టారూ?"

ఆచార్యులు గారు ఉత్తరీయం సర్దుకొన్నారు.

"తలుపే పెట్టు నాయనా. కొత్త టీచరు వచ్చిననాడు మూస్తే అదే గోడ. గడియ ఏ వైపున ఉండాలో మాత్రం ఆమెనడుగు."