లవంగద్వీపమున ఊట ఎండిన కథ

అక్షతలు చేతబట్టుకొని కూర్చుండుడు. కథ ముగియువరకు ఎవరును లేవరాదు.

పూర్వము శీలవ్రతుడను ముని మేఘపాద మహర్షిని చూచి, చుట్టును సముద్రమున్న దీవిలో వాన కరవగుటేమి, దానికి పరిహారమేమి యని యడిగెను. మహర్షి నిట్టూర్చి యిట్లు చెప్పెను.

లవంగద్వీపమున వరగుప్తుడను వర్తకుడును, అతని భార్య తమాలికయు నుండిరి. కొండనెత్తిన అడవిపై మబ్బు దిగి, ఆకులనుండి బొట్లుబొట్లుగా రాలి, వారి పెరటి ఊటయై పారెడిది. ఏటేట ఆషాఢమున ఇల్లాలు ఊటనీటి కడవతో కొండయెక్కి, మేఘగౌరి పేర నొక మొక్క నాటి నీరు పోయవలెను. అది అత్తగారు తమాలికకిచ్చిన నోము.

ఒక యేడు వాన జాగుచేసెను. దూరదేశముల పొగచే ఆకాశమును సముద్రమును వేడెక్కినవని వారెరుగరైరి. తమాలిక కొండవంక చూచి, "మబ్బంతా ఆ చెట్లే పట్టేసుకుంటున్నాయండీ. కొట్టించెయ్యండి, మన తోటమీదికి దిగుతుంది" అనెను. అత్తగారు కాళ్లావేళ్లా పడినను వినక, అడవి నరికించి, లవంగము నాటించి, నోము మానిరి.

మబ్బు వచ్చెను. నిలుపుకొను ఆకు లేక, కొండ దాటి సముద్రముపై కురిసెను. మరుసటి యేడును అంతే. మూడవయేడు ఒక్కపూట కుండపోతగా కురిసి, కొండమన్నంతయు కడలిపాలు చేసెను. లవంగతోట మాడెను. ఊట ఎండెను.

అత్తగారు మంచము పట్టి, "ఊటనీళ్లు ఒక్క గుక్కెడు పొయ్యవే తల్లీ" అని యడిగెను. తమాలిక కడవతో వెళ్లి, వట్టి కడవతో వచ్చి, ఓడలో తెచ్చిన నీరు పోసెను. ఆమె త్రాగి, "ఇవి మన నీళ్లు కావే" అని కన్నుమూసెను.

అయ్యో, ఎంత పని చేసితినని తమాలిక గుండెలు బాదుకొనెను. మరునాటినుండి బియ్యము కడిగిన నీటినే కడవకెత్తి, కొండయెక్కి మొక్కలు నాటెను. వరగుప్తుడును గొడ్డలి పారవైచి వెంట నడిచెను. సగము మొక్కలు ఎండెను, మరల నాటిరి. పండ్రెండేండ్లకు ఆకులు చినుకులు రాల్చెను. ఊటలో చెమ్మ తోచి, దోసెడు నీరూరెను. తమాలిక ఆ దోసెడు నీటిని అత్తగారి సమాధిపై పోసి, "ఆలస్యమైంది అత్తా, తాగు" అనెను. మన్ను పీల్చుకొనెను. ఊట పారుట మనుమరాలు చూచెను, తమాలిక చూడలేదు.

శీలవ్రతా, ఈ నోము కొండ క్రింద నుండువారు, ఊటనీరు త్రాగువారు చేయవలెను. గొడ్డలి గలవారు అందరికంటె ముందు చేయవలెను. చేసినవారికి పాడిపంటలు కలుగును, పిల్లల కడవ నిండును. పోయినవారి దాహము మాత్రము తీరదు, అని మహర్షి కన్నీరు తుడుచుకొనెను.

అక్షతలు తలపై వేసికొనుడు. మొక్కలు గుమ్మములో నున్నవి. కడవలెత్తుడు.