గోరంత సూర్యుడు

పిల్లలూ, నొప్పి తెలియకుండా దెబ్బ తగులుతుందా? తగలదు అనుకునేవాళ్ళు కాస్త ముందుకు జరిగి కూర్చోండి.

అనగనగా ఒక అడవిలో భద్రయ్య అనే గద్ద ఉండేవాడు. అతని గూట్లో తల్లి లేని పిల్లలు రెండు. ఆ రెండు నోళ్ళూ నిండాలంటే భద్రయ్య కళ్ళే ఆధారం. ఆకాశంలో తిరుగుతూనే గడ్డిలో ఎలుక మీసం కదిలితే పట్టేసేవాడు. అందుకని కాస్త గర్వం ఉండేది. కాస్త అంటే, రోజూ అందరికీ చెప్పుకునేంత.

ఆ అడవిలోనే సీతాలు అనే ముసలి తాబేలు ఉండేది. ప్రతి అమావాస్యకీ కానుగ చెట్టు కిందికి వచ్చి, నేలకేసి చూస్తూ కూర్చునేది. పొద్దు వాలేదాకా ఏమీ జరక్కపోతే లేచి వెళ్ళిపోయేది. ఆరేళ్ళుగా ఏమీ జరగలేదు.

ఒక అమావాస్య నాడు భద్రయ్య కిందికి దిగి, ఏం వెతుకుతున్నావని అడిగాడు. గ్రహణం కోసం చూస్తున్నానంది సీతాలు.

"ఆకాశంలో వచ్చేదాన్ని నేల మీద వెతుకుతున్నావా అత్తా? మెడ పైకి లేవడం లేదా?"

సీతాలు కోప్పడలేదు. ఓపిగ్గా విడమరిచి చెప్పింది. సూర్యుడికీ మనకీ మధ్య చంద్రుడు అడ్డొస్తే సూర్యగ్రహణం. అది అమావాస్య నాడే కుదురుతుంది. అలాగని ప్రతి అమావాస్యకీ రాదు. చంద్రుడు చాలాసార్లు కాస్త పైనుంచో, కాస్త కిందినుంచో దాటిపోతాడు. అందుకే ఈ కాపలా.

ఇంకా చెబుతుండగానే, ఆకుల సందుల్లోంచి నేల మీద పడే గుండ్రటి వెలుగు చుక్కలన్నిటికీ ఓ పక్క చిన్న నొక్కు పడింది.

"వచ్చింది," అంది సీతాలు. "ఈ వెలుగు చుక్కల్లో ప్రతిదీ సూర్యుడి బొమ్మే. ఇక్కడే నిలబడి కిందికి చూడు అల్లుడూ. సూర్యుడు పూర్తిగా మూసుకుపోతే, ఆ కాసేపు మాత్రం పైకి చూడొచ్చు. గోరంత మిగిలినా చూడకూడదు."

రోజూ సూర్యుడి పక్కనే తిరిగేవాడికి నడవడం చేతకాని అత్త చెప్పేదేమిటని భద్రయ్య కొండ కొమ్ముకి ఎగిరిపోయాడు.

మొదటిసారి చూశాడు. కళ్ళు చెమర్చాయి. తల తిప్పేసుకున్నాడు.

సూర్యుడు సగమయ్యాక మళ్ళీ చూశాడు. ఈసారి అంత చురుక్కుమనలేదు.

గోరంతే మిగిలాక మూడోసారి చూశాడు. గాలి చల్లబడింది. పిట్టలు గూళ్ళకి పోతున్నాయి. కంటికి ఏ బాధా లేదు. గోరంతే కదా అనుకుని రెప్ప వెయ్యకుండా చూశాడు.

కింద సీతాలు నేల నిండా వందలకొద్దీ వెలుగు కొడవళ్ళు చూసింది. అవి మళ్ళీ గుండ్రమయ్యాక ఇంటికి పోయింది.

మర్నాడు భద్రయ్య వేటకి వెళ్ళాడు. చుట్టూ గడ్డి కనిపిస్తోంది. పక్కన రాయి కనిపిస్తోంది. తిన్నగా చూసిన చోట మాత్రం నల్ల మచ్చ. ఎలుక ఆ మచ్చలోనే ఉంది. మూడుసార్లు దూకాడు. మొదటిసారి మట్టి దొరికింది. రెండోసారి ఎండు కొమ్మ. మూడోసారి సీతాలు వీపు.

"నిన్న చూసినప్పుడు కంటికి నొప్పే లేదు కదత్తా," అన్నాడు భద్రయ్య.

"కంటి లోపల కాలితే నొప్పి తెలియదు అల్లుడూ. వెలుగు తగ్గిందని నీ కన్ను మూసుకోలేదు. మిగిలిన ఆ గోరు మాత్రం ఎప్పటిలాగే కాల్చింది."

"తగ్గుతుందా?"

"కొందరికి తగ్గుతుంది. కొందరికి తగ్గదు."

భద్రయ్యకి తగ్గలేదు. అప్పట్నుంచీ పిల్లలే గూట్లోంచి చూసి, "ఎడమకి నాన్నా, ఇంకా ఎడమకి," అని కేకేసేవి. ఎలుకలూ వినేవి. కుడికి పోయేవి. ఆ ఏడాది పిల్లలు ఎగరడం చాలా త్వరగా నేర్చుకున్నాయి. నేర్చుకున్నాక మొదటి ఎలుకని తెచ్చి నాన్న ముందు పెట్టాయి. కాస్త పక్కకి పెట్టాయి, కనిపించాలని.

సరే, ఇక లేవండి. మేడ మీద గుమ్మడి వడియాలు సగమే తిరగెయ్యడం అయింది. ఎండ ఉండగానే మిగతావి కూడా కానివ్వాలి.

నీతి: నొప్పి లేదు కదా అని ప్రమాదం లేదనుకోకూడదు. తెలిసినవాళ్ళు చూడొద్దన్నప్పుడు చూడకూడదు, ఎలా చూడాలో చెప్పినప్పుడు అలాగే చూడాలి.